బొంత ముందా, కవచం ముందా?

(డాలస్‌లో ఓ తెలుగు ఇంటి గరాజ్. శనివారాలు నలుగురైదుగురు చేరి మధ్యయుగపు ఐరోపా గొలుసు కవచాలు అల్లుకునే చోటు. మిగతావాళ్లింకా రాలేదు. సూర్యం రింగులుగా కోయడానికి డ్రిల్లుకు కడ్డీ బిగించి తీగ చుడుతున్నాడు. లలిత రింగులు మూస్తోంది.)

సూర్యం: తీగ మందం 1.6 మిల్లీమీటర్లు, కడ్డీది 8. ఎనిమిదిని 1.6తో భాగిస్తే అయిదు. ఒక్కో రింగులో నాలుగు దూర్చే అల్లికకు దివ్యమైన లెక్క!

లలిత: కడ్డీ మీంచి తీయగానే చుట్ట విచ్చుకుంటుందండీ. కొలిచారా?

సూర్యం: ఏదో, వెంట్రుకవాసి.

లలిత: పోయినవారం తీగకు ఆ వాసి వేరు, ఈ తీగకు వేరు. రెండూ కలిపి అల్లారు. ఒకచోట బిగుసుకుంది, ఇంకోచోట జారిపోతోంది.

సూర్యం: ఈ తీగ మరీ మొండిది. పొయ్యి మీద ఎర్రగా కాల్చి మెత్తబరుస్తా.

లలిత: జింకు పూత తీగ అది! ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. నా వంటింట్లో అడుగు పెట్టకండి. అయ్యో, అలా నోరు చీల్చి తెరుస్తారా రింగుని?

సూర్యం: తెరవడానికి ముహూర్తం కావాలా?

లలిత: రెండు ప్లయర్లు కావాలి. ఓ కొస ముందుకు, ఓ కొస వెనక్కు తిప్పాలి. మూసేటప్పుడు కొసల్ని కాస్త దాటించి వెనక్కి తేవాలి. లేకపోతే సందు మిగులుతుంది. నిన్న మీ బనీను చిరిగింది ఆ సందుకే.

సూర్యం: ఇరవై వేల రింగులే! ఒక్కోదాన్నీ బుజ్జగించాలంటే ఎలా?

లలిత: రింగుకు పది సెకన్లు, మొత్తం యాభై అయిదు గంటలు. మీరు క్రికెట్ చూసే టైములో రెండు చొక్కాలవుతాయి.

(సూర్యం అల్లిన చొక్కా గర్వంగా ఎత్తి చూపిస్తాడు.)

సూర్యం: తొమ్మిదిన్నర కిలోలు! చూడు, వరసలు అడ్డంగా పెట్టా. వేలాడదీస్తే దగ్గరికి ముడుచుకుంటుంది, ఒంటి చుట్టూ సాగుతుంది.

లలిత: అదొక్కటి బాగా చేశారు. తిప్పి పెట్టుంటే బరువుకు నోళ్లు తెరుచుకుని ఊపిరి ఆడనిచ్చేది కాదు. కొలత దేనిమీద తీశారు?

సూర్యం: ఒంటిమీద. బనీనుతో.

లలిత: లోపల వేసుకునే బొంత కోటో?

సూర్యం: ఇనుముండగా బొంతెందుకే?

లలిత: ఇనుము కోతను ఆపుతుంది, దెబ్బను ఆపదు. ఎముక విరక్కుండా చూసేది బొంతే. ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ సైనికులకు పాతిక ముప్పై పొరల బట్టతో కోటు కుట్టించమన్నాడు. మా నాయనమ్మ పాతచీరల బొంత అంతకేం తీసిపోదు.

సూర్యం: సరే, బొంత మీదే తొడుక్కుంటా.

లలిత: బొంత రెండు సెంటీమీటర్ల మందముంటే చుట్టుకొలతకు పన్నెండున్నర పెరుగుతుంది. అంటే అయిదంగుళాలు. అందుకే ముందు బొంత కుట్టి, దానిమీద కొలిచి, ఆ తర్వాత అల్లాలి.

సూర్యం: కర్ణుడికి ఈ కొలతల గొడవ లేదు.

లలిత: ఆయన దాంతోనే పుట్టాడు. మీరు అరిసెలతో పెరిగారు.

(సూర్యం పంతంగా బొంత మీద చొక్కా దూర్చుకుంటాడు. అది చంకల్లో ఇరుక్కుంటుంది. చేతులు రెండూ పైనే.)

సూర్యం: లలితా! దిగట్లేదు, ఎక్కట్లేదు.

లలిత: లాల్చీకి చంకలో పలకముక్క వేస్తారు చూశారా? మీరు వేయలేదు. రెండు పక్కలా విప్పి పట్టీలు కలపాలి. ఇంకో మూడు వేల రింగులు.

సూర్యం: ముందు తీయి!

లలిత: నేను తీయక్కర్లేదు. నడుం వంచి, తల కిందికి పెట్టి గట్టిగా దులపండి. దాని బరువుకు అదే జారుతుంది.

(సూర్యం వంగి దులుపుతాడు. చొక్కా ఠపీమని కిందపడుతుంది, దాంతోపాటు ఓ గుప్పెడు జుట్టూ.)

లలిత: చెప్పాగా, కొసలు కలవాలని.