పుర్రెకో మాడ్యూల్

పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్లు ఆ మాటను మనసారా గౌరవించి, ఎవరి బుద్ధిని వారు మాడ్యూల్‌గా (ఇతరులు తమ ప్రోగ్రాంలో కలుపుకునే కోడ్ పొట్లంగా) మూటగట్టి, సీపాన్ అనే ఉమ్మడి భాండాగారంలో పెట్టారు.

పెర్ల్ 1987లో పుట్టిన భాష. పాత స్క్రిప్టు ఏదీ ఆగకూడదన్నది దాని వ్రతం. అందుకే మీరు ‘టోటల్’ అనే వేరియబుల్ పేరు ఒకచోట ‘టొటాల్’ అని కొట్టినా చిన్నబుచ్చదు. ఆ పేరుతో ఖాళీ వేరియబుల్ పుట్టించి, కూడికలో సున్నాగా లెక్కేసి, తప్పుడు బిల్లు చేతిలో పెడుతుంది. తప్పు పట్టాలంటే పైన రెండు లైన్లు రాసి బతిమాలాలి: యూజ్ స్ట్రిక్ట్, యూజ్ వార్నింగ్స్. రెండు లైన్లే! ఇంత చాకిరీ ఎవరివల్ల అవుతుంది? అందుకే ఆ పనిని తమదైన తీరులో చేసిపెట్టే ఒక్క లైన్ మాడ్యూళ్లు అవతరించాయి.

‘మోడర్న్ పెర్ల్’ పక్కన సంవత్సరం రాయాలి. 2012 అంటే పెర్ల్ 5.14 వెర్షన్ ఫీచర్లు, 2014 అంటే 5.18వి. రాయడం మరిచారా, 5.10 కాలానికి పోతారు. పంచాంగం చూడనివాడికి ఆధునికత 2009 దగ్గరే ఆగిపోతుందన్నమాట, సబబే.

‘కామన్ సెన్స్’ది వేరే దారి. స్ట్రిక్ట్‌లోని మూడు కట్టడుల్లో వార్స్ (ప్రకటించని వేరియబుల్‌ను ఆపేది), సబ్స్ (కోట్స్ లేని ఉత్త పదాన్ని ఆపేది) ఉంచుకుని, రెఫ్స్‌ను (పేరునే రిఫరెన్స్‌గా వాడటాన్ని ఆపేది) వదిలేస్తుంది. విలువ లేని వేరియబుల్ వాడితే వచ్చే వార్నింగ్ దానికి గిట్టదు, కాబట్టి మీకూ రాదు. ‘స్ట్రిక్చర్స్’ మొదటి వెర్షన్ మరీ నిష్ఠాగరిష్ఠం: వార్నింగ్ వస్తే ప్రోగ్రాం చావాల్సిందే. వినడానికి బాగుంది. కాకపోతే పెర్ల్ కొత్త వెర్షన్లు కొత్త వార్నింగులతో వస్తాయి. 5.18లో గివెన్, వెన్ అనే షరతు పదాలను ‘ప్రయోగాత్మకం’ అంటూ వార్నింగ్ పెట్టారు. వార్నింగులన్నీ ఫేటల్ (ప్రాణాంతకం) చేసుకున్న కోడ్‌కు ఆ ఒక్క మాటే మరణశాసనం, కంపైల్ కూడా కాదు. వార్నింగులను ఫేటల్ చేసే అలవాటును ‘మూ’ అనే ఆబ్జెక్టుల మాడ్యూల్ తన 2.0లో మానుకుంది.

ఇన్ని బుద్ధులుండగా మీ ఆఫీసుకు సొంతది లేకపోతే పరువేం కాను? చేసుకోండి. ఒక ప్యాకేజీలో ఇంపోర్ట్ అనే సబ్ (ఫంక్షన్) రాసి, అందులో స్ట్రిక్ట్, వార్నింగ్స్, ఫీచర్‌ల ఇంపోర్ట్ మెథడ్లను పిలవండి. యూజ్ కంపైల్ సమయంలోనే నడుస్తుంది గనుక, ఆ క్షణాన కంపైల్ అవుతున్న ఫైలుకే, అంటే పిలిచినవాడి ఫైలుకే, సెట్టింగులు అంటుకుంటాయి. ఫంక్షన్లు ఎగుమతి చేసే మాడ్యూళ్లనూ కలపాలంటే ‘ఇంపోర్ట్ ఇంటూ’ తెచ్చుకోవాలి.

అయితే ఎక్కువమంది ఇంపోర్ట్ సబ్ జోలికి పోరు. మాడ్యూల్ పైన యూజ్ స్ట్రిక్ట్ అని రాసి, పిలిచినవాళ్లందరికీ రక్ష కట్టినట్టు తృప్తి పడతారు. స్ట్రిక్ట్ లెక్సికల్, ఆ ఫైలు గడప దాటదు. మాడ్యూల్ ఎర్రర్ లేకుండా లోడవుతుంది, ‘టొటాల్’ నిక్షేపంగా సున్నాగా కొనసాగుతుంది, కోడ్ రివ్యూలో అందరూ ఆ లైన్ చూసి నిశ్చింతగా ఉంటారు.

మంచి డిఫాల్టులే ప్రధానంగా పెర్ల్ 7 తెస్తామని 2020లో ప్రకటించారు. అది రాలేదు గానీ, 2022లో 5.36 వచ్చింది. ‘యూజ్ వీ 5.36’ అంటే స్ట్రిక్ట్, వార్నింగ్స్, సిగ్నేచర్లు (ఫంక్షన్‌కు ఇచ్చే విలువలకు బ్రాకెట్లలో పేర్లు రాసే వీలు) అన్నీ మాడ్యూల్ లేకుండానే దొరుకుతాయి. ఇంత సులువైతే ఎలా అనుకున్నారో ఏమో, ఆ ‘వీ’ అక్షరం మరిచి ఉత్త 5.36 అని రాస్తే పెర్ల్ దాన్ని 5.360 అని చదువుకుని, ఆ వెర్షన్ లేదని ప్రోగ్రాంను అక్కడికక్కడే ఆపేస్తుంది.