కారణం చెప్పని రాజీనామాలు

2021 జులై 7, బుధవారం సాయంత్రం రాష్ట్రపతి భవన్‌లో 43 మంది కేంద్ర మంత్రులుగా ప్రమాణం చేశారు. అంతకుముందే 12 మంది పదవులు వదులుకున్నారు. వారిలో ఆరోగ్యం, విద్య, న్యాయం, పర్యావరణం, కార్మిక సంక్షేమం వంటి ప్రధాన శాఖలను మొన్నటిదాకా చూసినవారున్నారు. ప్రధాని సలహా మేరకు రాజీనామాలను ఆమోదించినట్లు రాష్ట్రపతి భవన్ ప్రకటించింది. ఎందుకు తప్పించారన్న ప్రశ్నకు మాత్రం ప్రభుత్వం నుంచి ఒక్క వాక్యమైనా వెలువడలేదు. ఆ మౌనమే మమ్మల్ని కలవరపెడుతోంది.

మంత్రులను ఎంచుకునే అధికారం రాజ్యాంగంలోని 75వ అధికరణం ప్రకారం ప్రధానిదే. కొత్త జట్టులో 11 మంది మహిళలకు చోటు దక్కడం, వెనుకబడిన వర్గాల ప్రాతినిధ్యం పెరగడం మంచివే. అయితే అదే అధికరణం మంత్రివర్గం సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహించాలని కూడా చెబుతోంది. నియమించే హక్కును గుర్తుచేసేవారు, సమాధానం చెప్పాల్సిన బాధ్యత దగ్గరకొచ్చేసరికి నోరు మెదపడం లేదు.

ఆరోగ్య శాఖనే తీసుకుందాం. కొవిడ్ చివరి అంకానికి చేరుకున్నామని మార్చి 7న ఆ శాఖ మంత్రి ప్రకటించారు. రెండు నెలలు తిరక్కముందే మన జిల్లాలో ఆసుపత్రుల వాకిళ్లలో ఆక్సిజన్ పడక కోసం కుటుంబాలకు కుటుంబాలే పడిగాపులు పడ్డాయి. మే 21న నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కొవిడ్‌కు ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం వేల మంది బారులు తీరారు. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టుకుని వచ్చినవారు సైతం అందులో ఉన్నారు. ఆ జనాన్ని మూఢనమ్మకమంటూ తీసిపారేసినవారున్నారు. ప్రభుత్వ వైద్యం అందుతుందన్న నమ్మకం ఉన్నవారెవరూ ఊపిరాడని మనిషిని తీసుకుని అంత దూరం పోరు. జులైలో ఆరోగ్య మంత్రిని తప్పించారు. సహాయ మంత్రిని వేరే శాఖకు మార్చారు. టీకాల విధానాన్ని మే 1న ఒక తీరుగా, జూన్ 21న మరో తీరుగా అమలు చేసిన నిర్ణయం ఒక్క ఆరోగ్య మంత్రిదేనా? ఆయనదే తప్పయితే ఆ మాట చెప్పాలి. తప్పు మొత్తం మంత్రివర్గానిదైతే ఒకరిని పంపించి మిగిలినవారు చేతులు కడుక్కోవడం కుదరదు. కారణం చెప్పకపోవడం వల్ల ఈ రెండు ప్రశ్నలూ ఒకేసారి సమాధి అవుతున్నాయి. ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు ఎవరిని అడగాలో తెలియని స్థితి మిగులుతోంది.

ఇలా ఉండాల్సిన పని లేదు. 1956 నవంబరులో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేసినప్పుడు, దాన్ని ఎందుకు ఆమోదిస్తున్నదీ ప్రధాని నెహ్రూ లోక్‌సభలోనే వివరించారు. 1958లో ఎల్‌ఐసీ సొమ్ముతో ముంద్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారంలో ఆర్థిక మంత్రి టి.టి.కృష్ణమాచారి పదవి వదులుకున్నది ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ తర్వాతే. ఆ రెండు సందర్భాల్లోనూ మంత్రి ఎందుకు వెళ్తున్నారో దేశానికి తెలిసింది. ఆ ఆనవాయితీని మెల్లగా చంపేసిన పాపంలో కాంగ్రెస్‌కూ వాటా ఉంది. యూపీఏ హయాంలో 2012 మార్చి నుంచి 2013 జూన్ వరకు, పదిహేను నెలల్లో రైల్వే శాఖ త్రివేది నుంచి ముకుల్ రాయ్‌కి, ఆయన నుంచి జోషికి, బన్సల్‌కు, తిరిగి జోషికి, చివరకు ఖర్గేకు చేతులు మారింది.

ఆ మార్పుల ఫలితం ఏమిటో కనిగిరి, పామూరు ప్రజలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం మంజూరై 2021 నాటికి పదేళ్లయింది. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా పోవలసిన 309 కిలోమీటర్ల దారి అది. కనిగిరి మనిషి రైలెక్కాలంటే 2021లోనూ బస్సులో వేరే ఊరు చేరాల్సిందే. 2011 జులై నుంచి లెక్కిస్తే, 2021 జులైలో వచ్చిన అశ్వినీ వైష్ణవ్ తొమ్మిదో రైల్వే మంత్రి. పాత మంత్రి ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో సభకు చెప్పి వెళ్లే పద్ధతి ఉంటే తొమ్మిదో మంత్రి దగ్గర మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు. దుగరాజపట్నం ఓడరేవు గతీ ఇంతే. తొలి దశను 2018 చివరికల్లా పూర్తి చేయాలని విభజన చట్టంలోనే రాసుకున్నారు. నౌకాయాన శాఖకు గడ్కరీ పోయి మాండవీయ వచ్చారు, మాండవీయ పోయి 2021 జులైలో సోనోవాల్ వచ్చారు. రేవు మాత్రం రాలేదు.

మంత్రులతోపాటు శాఖలనూ ఇదే మౌనంతో మారుస్తున్నారు. ప్రమాణ స్వీకారానికి ముందు రోజు, మంగళవారం, సహకార మంత్రిత్వ శాఖ అనే కొత్త శాఖ పుట్టింది. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. ఊళ్లలో రైతుకు పంట రుణమిచ్చే సొసైటీల మీద ఢిల్లీకి ఇక ఎంత పట్టు ఉంటుందన్నది చిన్న విషయం కాదు. రాష్ట్రాలను సంప్రదించకుండా, పార్లమెంటులో చర్చ లేకుండా ఇంత పనిని ఒక ప్రకటనతో ముగించారు. 2014లో ‘మినిమమ్ గవర్నమెంట్’ అంటూ ప్రధానితో కలిపి 46 మందితో మొదలైన మంత్రివర్గం 2021 జులైలో 78కి చేరింది. 91వ రాజ్యాంగ సవరణ విధించిన పరిమితి 81. ఆనాటి నినాదాన్ని ఎందుకు విడిచిపెట్టారో కూడా చెప్పలేదు.

2021 మార్పుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కరికీ మంత్రి పదవి రాలేదని కొందరు నొచ్చుకున్నారు. పాతిక మంది లోక్‌సభ సభ్యులున్న రాష్ట్రానికి అది లోటే. అయితే మనవాడొకడు మంత్రి అయినా, రేపు కారణం చెప్పకుండా తీసేస్తే మనకు మిగిలేది ఇదే ప్రశ్న.

2021 జులై 19న మొదలైన వర్షాకాల సమావేశాలకు ముందు మేం కోరింది ఇదీ. పదవి వదిలిన మంత్రి స్పీకర్ అనుమతితో సభలో వివరణ ఇచ్చుకోవచ్చని లోక్‌సభ నిబంధనల్లో 199వది చెబుతోంది. తప్పుకున్నవారు ఆ హక్కును వాడుకోవాలి. ఎందుకు తప్పించారో ప్రధాని స్వయంగా ఉభయ సభలకూ చెప్పాలి. అప్పుడు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉన్న వెంకయ్యనాయుడు మన నెల్లూరు జిల్లా చవటపాళెం నుంచి వెళ్లినవారు. ఆ సభలో ఈ చర్చకు సమయం కేటాయించాలని ఆయనను కోరాం. ఇక నాటి నెల్లూరు, ఒంగోలు ఎంపీలకు మేం చెప్పిన మాట ఇది. మిమ్మల్ని ఢిల్లీకి పంపింది కొత్త మంత్రులకు శాలువాలు కప్పి వినతిపత్రాలిచ్చి రావడానికి కాదు. పాత మంత్రులు ఎందుకు పోయారో, వారు మనకిచ్చిన మాటలు ఎవరి ఖాతాలో పడ్డాయో 19న లేచి నిలబడి అడగండి. అది కూడా చేతకాకపోతే కనిగిరి బస్టాండులో నిలబడి, ఎందుకు అడగలేదో ఆ జనానికి మీరే చెప్పుకోండి.