మినియాపోలిస్ మంచుకు శ్రీకాకుళం వైద్యం

శ్రీకాకుళంలో చలికాలం వచ్చిన సంగతి మొదట కొబ్బరినూనె సీసాకు తెలుస్తుంది. వేడి 24 డిగ్రీల లోపుకు దిగగానే నూనె తెల్లగా పేరుకుంటుంది, కాసేపు ఎండలో పెడితే కరుగుతుంది. గడ్డకట్టే పదార్థాలతో మా అక్కగారింటికి ఉన్న అనుభవం అంతవరకే. అందువల్ల, అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం ఆరున్నరకు, అనగా అక్కడి ఉదయం ఏడు గంటలకు, వీడియోలో కనిపించి, కారు అద్దం కడిగే నీళ్ళు గడ్డకట్టాయని వాపోయినప్పుడు ఇంట్లో ఎవరికీ కంగారు కలగలేదు. అద్దమే కదా, గుడ్డ పెట్టి తుడుచుకోమన్నారు.

అది గుడ్డతో తీరే వ్యవహారం కాదు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ముందు పోయే లారీ చక్రాలు ఆ ఉప్పు బురదను చిమ్మితే అది వెనుక కారు అద్దం మీద పడి, నిమిషాల్లో ఆరిపోయి, తెల్లటి పొర కడుతుంది. తడి లేకుండా వైపర్ ఆడించినకొద్దీ ఆ పొర చెరగకపోగా, ముగ్గుపిండి పులిమినట్టు అద్దమంతా పాకుతుంది. మావాడు దారి కనిపించక ఒక పెట్రోలు బంకులో కారు ఆపేసి, ఫోనును స్టీరింగుకు ఆనించి, మీట నొక్కి చూపించాడు. లోపలెక్కడో మోటారు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. తరువాత దిగి, బానెట్ మీద నీళ్ళు చిమ్మే నాజిల్ దగ్గరకు ఫోను తీసుకువెళ్ళాడు. దాని మూతికి కందిగింజంత మంచు బొడిపె అంటుకొని ఉంది.

“నొక్కుతూనే ఉండరా, అదే దారికొస్తుంది” అన్నారు బావగారు. వారు ఉద్యోగమంతా ప్రభుత్వ కార్యాలయంలో చేసినవారు గనుక, కదలని దానిని కదిలించడానికి పదే పదే నొక్కడం కన్న మేలైన ఉపాయం ఉందని నమ్మరు. ఎదురింట్లో ఉండే విశ్రాంత భౌతికశాస్త్రం మాస్టారు అప్పటికే కుర్చీ లాక్కొని కూర్చున్నారు. అలా నొక్కితే పంపు మంచులో చిక్కుకొని ఫ్యూజు పోతుందని ఆయన వారించారు. మరుగుతున్న నీళ్ళు అద్దం మీద గుమ్మరించమంది అక్క. సున్నాకు దిగువన 15 డిగ్రీల చలిలో ఉన్న అద్దం మీద వేడినీళ్ళు పడితే అడ్డంగా పగులుతుందని మాస్టారు దానినీ కొట్టివేశారు. పనిలో పనిగా, నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుందని, అందువల్ల ఆ నీళ్ళుండే ట్యాంకు ఈపాటికే బీటవారి ఉండవచ్చునని సెలవిచ్చారు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అందులో ఓ సీసా మందు పొయ్యమనండి” అన్నాడు బావగారి తమ్ముడు. అందరూ ఒక్కసారిగా అతని మీద విరుచుకుపడ్డారు. న్యాయంగా చెప్పవలసివస్తే, ఆ సాయంత్రం శాస్త్రానికి అతి సమీపంగా మాట్లాడినవాడు అతనొక్కడే. చలిదేశాల్లో అమ్మే వైపర్ ద్రవంలో నీటితోపాటు సాధారణంగా ఉండేది మిథనాల్ అనే ఆల్కహాలే. అది సున్నాకు దిగువన 98 డిగ్రీల దాకా గడ్డకట్టదు. దానిని కలిపిన ద్రవం సుమారు 29 డిగ్రీల దిగువ వరకు నిలుస్తుంది. నలభై శాతం ఆల్కహాలుండే వోడ్కా కూడా ఇంచుమించు 27 వరకు తట్టుకుంటుంది. మిథనాల్ మాత్రం తాగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. మాస్టారు ఈ చివరి ముక్కను బావగారి తమ్ముడి వైపు తిరిగి ప్రత్యేకంగా చెప్పారు.

“ఎండలో ఎట్టు బాబూ, అదే కరిగిపోద్ది” అంది నాయనమ్మ. ఎండ ఉన్నా వేడి లేదన్నాడు వాడు. అరసవల్లి సూర్యనారాయణస్వామి నీడన పుట్టినవాడికి ఎండ కరువైందా అని అక్క మళ్ళీ కళ్ళొత్తుకుంది.

ఇంతకీ ఆ ట్యాంకులో ఏమి పోశావని మాస్టారు అడిగారు. వాడు నసిగాడు. బావగారు హఠాత్తుగా లేచి వీధి గుమ్మం వైపు నడిచారు. విచారణలో తేలినదేమంటే, కిందటి వేసవిలో కొడుకు దగ్గరకు వెళ్ళిన బావగారు, రంగునీళ్ళకు డాలర్లు తగలేయడం చూడలేక, ట్యాంకు నిండా కుళాయి నీళ్ళు పట్టి, ఇక్కడినుంచి తీసుకువెళ్ళిన షాంపూ పొట్లం ఒకటి స్వహస్తాలతో కలిపి వచ్చారట. జూలైలో అది బ్రహ్మాండంగా నురగలు కక్కిందట కూడా.

మావాడు ఆ బంకులోనే నీలం ద్రవం గాలన్ డబ్బా ఒకటి కొన్నాడు. తీరా ట్యాంకు మూత తీస్తే అంచుదాకా మంచే, పోయడానికి చోటు లేదు. పాత నీళ్ళు పారబోయమని గుమ్మం దగ్గరనుంచే బావగారు సలహా ఇచ్చారు. గడ్డను ఎలా పారబోస్తారో వారు చెప్పలేదు. చివరకు వాడు ఆ నీలం ద్రవాన్నే చేత్తో అద్దం మీద ఒలకబోసుకుంటూ, నాలుగు వీధులకొకసారి ఆగుతూ ఆఫీసు చేరుకొని, వెచ్చగా ఉంచే నేలమాళిగలో కారు నిలిపాడు. సాయంత్రానికి మంచంతా కరిగింది. ట్యాంకు అదృష్టవశాత్తూ పగలలేదు. గొట్టంలో మిగిలిన షాంపూ నీళ్ళు పోయి నాజిల్ నుంచి నీలం రంగు పడేదాకా మీట నొక్కి, అప్పుడు ఫోటో పంపాడు. వెచ్చటి చోట పెట్టమన్నది తానేనని నాయనమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఆ వారంలోనే అక్కను అరసవల్లి తీసుకువెళుతుండగా బావగారి కారుకు కూడా అద్దం మీద నీళ్ళు పడలేదు. మెకానిక్ కుర్రవాడు వచ్చి, గుండుసూదితో నాజిల్ రంధ్రాన్ని గీకి, బోరునీళ్ళ ఉప్పూ ఎండిన షాంపూ కలిసిన తెల్లటి పెచ్చును గోటిమీద పెట్టి చూపించాడు. బావగారు కళ్ళజోడు సవరించుకొని దానిని తేరిపార చూశారు.

“మంచు” అన్నారు. “ఈ ఏడాది ఇక్కడా చలి ముదిరింది.”