ఏడాదికి 3000 యూనిట్ల ఆదా గారికి

మహారాజశ్రీ 3000 గారి దివ్య సముఖమునకు,

హనుమకొండ నుంచి కరెంటు బిల్లు కట్టే మనిషి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేం క్షేమం. మా ఫ్రిజ్ తలుపు మీద, మామిడిపండు మాగ్నెట్ కింద, ఆ రంగుల సోలార్ వాటర్ హీటర్ కరపత్రంలో తమరూ క్షేమమే. పోయిన సంక్రాంతికి మమ్మల్ని 42 వేలకు ఒప్పించిన అంకె మీరే కాబట్టి, మొర కూడా మీకే.

మొన్న బిల్లు వచ్చింది. 331 యూనిట్లు. సోలార్ హీటర్ లేని రోజుల్లో చలికాలంలో కూడా 200 దాటలేదు మా ఇల్లు. దాటితే స్లాబు మారుతుందని ఐరన్ బాక్స్‌ని కూడా అనుమానంగా చూసే కుటుంబం మాది.

"పదకొండింటికల్లా ఉంటా మేడమ్" అన్న మెకానిక్ కోసం నిన్న సెలవు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగున్నరకి వచ్చాడు. డాబా ఎక్కాడు, ఎండకి నీళ్లు కాగే గాజు గొట్టాల వైపు కూడా చూడలేదు. గోడ మీది స్విచ్ చూసి "కాయిల్ ఆన్‌లో ఉంది కదా మేడమ్" అన్నాడు. ఈ ఒక్క మాటకి 350 రూపాయలు.

అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ముసురు వదలనప్పుడు మా ఆయన వేసిన స్విచ్ అది. ముసురు పోయింది, స్విచ్ మాత్రం అలాగే ఉంది. ఎండ లేనప్పుడు కరెంటుతో కాచడానికి ట్యాంకులో పెట్టిన 2 కిలోవాట్ల కాయిల్ రాత్రంతా నీళ్లు కాచి పెడుతుంటే, పొద్దున డ్యూటీకి వచ్చిన సూర్యుడికి చేయడానికి పనే లేదు. ఇంత చలిలోనూ ఇంత వేడా, సోలార్ అంటే సోలారే అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకున్నాం కూడా.

సరే, స్విచ్ తప్పు మాదే. కానీ ఆ కోపంలో పెన్ను తీశాను. పదో తరగతి పిల్లలకి విశిష్టోష్ణం చెప్పేదాన్ని, మీ జాతకం రాయలేనా? ట్యాంకు 200 లీటర్లు. 25 డిగ్రీల నుంచి 60కి, అంటే 35 డిగ్రీలు పెరగాలి. లీటరు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 4.2 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటంటే 3600 కిలోజౌళ్లు. హెచ్చవేసి భాగించాను. రోజుకి 8 యూనిట్ల పైచిలుకు. దాన్ని 365తో హెచ్చవేస్తే దాదాపు 3000, తమరే ప్రత్యక్షం! నిజం చెప్పొద్దూ, లెక్కలో తప్పు దొరుకుతుందని చాలా ఆశపడ్డాను. ఎక్కడా లేదు.

కానీ ఆ 365 మీకు ఎవరిచ్చారండీ? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఈ ఊళ్లో వేడినీళ్లు పోసుకునేది ఎవరు? అప్పుడు మామూలు ట్యాంకు నీళ్లే ఒళ్లు కాల్చేస్తుంటే, రాత్రే డ్రమ్ముకి పట్టి చల్లార్చుకుంటాం. మేలో మీ హీటరు ఆవిర్లు కక్కుతూ పావురాల కోసం నీళ్లు కాచింది. అదీ ఆదాయేనా? రోజుకి 8 చొప్పున అదీ రాసుకున్నారా?

ఆ 200 లీటర్లు ఏమిటి? ఇంట్లో ఉన్నది నలుగురం. మా పాత 15 లీటర్ల గీజరు ఒక్కసారి కాగితే అయ్యేది అర యూనిట్. ఒక్కొక్కరికి ఒకసారి చొప్పున రోజుకి 2 యూనిట్లు. మాకు వేడినీళ్లు కావాల్సింది ఏడాదికి నాలుగు నెలలు. వెరసి 240. ఇంకో మాట. అప్పట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు, టీవీ, మిక్సీ, ఆ గీజరుతో సహా మా ఇంటి మొత్తం వాడకం ఏడాదికి 2200 యూనిట్లు. తమరు అందులోంచి 3000 ఆదా చేస్తానంటున్నారు. ఆ పైన 800 యూనిట్లు ఎక్కడ పెట్టాలో చెప్పండి, డబ్బాల్లో పోసి దాచుకుంటాం.

240 యూనిట్లంటే, యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 1680. 42 వేలు తిరిగి రావడానికి పాతికేళ్లు. అప్పటికి నేను రిటైరై ఉంటాను.

గొట్టం సంగతి కూడా వినండి. ట్యాంకు డాబా మీద, బాత్రూమ్ కింద. నల్లా తిప్పితే ముందు అర బకెట్టు చల్లనీళ్లు పోవాలి. స్నానమయ్యాక అర బకెట్టు వేడినీళ్లు గొట్టంలోనే ఉండి చల్లారిపోతాయి. అంటే మనిషికో అర బకెట్టు గొట్టానికి నైవేద్యం. మీ లెక్కలో గొట్టానికీ స్నానం ఉందా?

బోరు నీళ్ల సున్నం, గొట్టాల మీద గెంతే కోతులు, "గాజు పగిలితే వారంటీ వర్తించదు" అన్న చీమతల అక్షరాలు... అవి వేరే ఉత్తరంలో రాస్తాను. అసలు నీకు సిగ్గుందా? ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట చెప్తావు. ఇంట్లో ఎందరని అడగవు, ఎన్ని నెలలు వాడతారని అడగవు. పెళ్లిళ్ల పేరయ్య నయం, కనీసం గోత్రం అడుగుతాడు.

ఈ రోజు పొద్దున అయిదింటికి కరెంటు పోయింది. బయట మంచు. కాయిల్ నిన్న సాయంత్రమే కట్టేశాం. చీకట్లో అత్తమ్మ నల్లా తిప్పి, అర బకెట్టు వదిలేసి, చెయ్యి పెట్టి చూసి, "ఉన్నయ్ పిల్లా, మంచిగ కాగినయ్" అని అరిచింది. కాగు కింద తడి కట్టెలు ఊదీ ఊదీ కండ్లు పోగొట్టుకున్న మనిషి. గంట సేపు బయటికి రాలేదు. ఆవిడ మీకు చెప్పమన్నది ఏమీ లేదు గానీ, మాగ్నెట్ తీసి కరపత్రం చింపబోతుంటే నా చెయ్యి ఎందుకో ఆగింది. మిమ్మల్ని కొట్టేసి, పక్కన 240 అని రాసి, మళ్లీ అంటించాను.

ఇట్లు,
331

తా.క.: మా ఆయన నిన్న ఇంకో కరపత్రం తెచ్చారు. ఈసారి కరెంటు తయారుచేసే పలకలట. దాని మీద మీ అన్నగారెవరో ఉన్నారు, మీ కంటే పెద్ద అంకె. మాగ్నెట్లు అయిపోయాయని చెప్పాను.