జిగురుకన్నా ముందు జవాబు

రేడియో కంట్రోల్ విమానం కూలగానే మన ఇళ్లలో జరిగేవి రెండే. "డబ్బు దండగ" అని దాన్ని గరాజ్ మూలన పడేస్తాం, లేదంటే పిల్లాడు బాధపడుతున్నాడని ఆ రాత్రే కొత్తది ఆర్డర్ పెడతాం. రెండూ తప్పే. ఎందుకు పడిందో పిల్లలు చెప్పగలిగేదాకా జిగురు మూత తీయకూడదని నా గట్టి అభిప్రాయం.

పడిన తీరులోనే సగం జవాబు ఉంటుంది. చేత్తో విసరగానే ముక్కు పైకెత్తి ఒక రెక్క వాల్చేసిందా? వేగం అందకముందే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) లాగి ఉంటారు, లేదా తోక బరువుగా ఉండి ఉంటుంది. మనవైపు వస్తూ పక్కకి ఒరిగి నేలను గుద్దిందా? కుడిఎడమలు తారుమారయ్యాయన్నమాట. ఎదురుగా వచ్చే విమానానికి ఏ రెక్క వాలితే రిమోట్ మీది స్టిక్ అటే జరపాలి. ఇది వేళ్లకు అలవాటయ్యే చోటు సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే సాధన.

దిగబోయే ముందు చివరి మలుపులో పడితే "గాలి కొట్టేసింది" అంటారు. చాలాసార్లు అది గాలి కాదు, స్టాల్: అంటే రెక్క గాలికి మరీ ఎత్తుగా తిరిగి, విమానాన్ని మోసే బలం కోల్పోవడం. 45 డిగ్రీలు ఒరిగి ఎత్తు తగ్గకుండా తిరగాలంటే రెక్కలు విమానం బరువుకు 1.4 రెట్లు మోయాలి. దాంతో స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలైతే 41 శాతం. దిగుతున్నాం కదా అని అప్పటికే థ్రాటిల్ (మోటార్ పవర్) తగ్గించి ఉంటాం. ముక్కు వాలుతోందని భయపడి ఎలివేటర్ ఇంకా లాగితే స్టాల్ ముదురుతుంది. లాగడం ఆపి స్టిక్ కాస్త ముందుకు నెట్టాలి, పవర్ ఇవ్వాలి, ఆ తర్వాత రెక్కలు సమం చేయాలి. రెండు పొరపాట్లు చేసినా కోలుకునేంత ఎత్తులో, నేర్పేవాళ్లు బడ్డీ బాక్స్ (అవసరమైతే విమానాన్ని తమ చేతిలోకి తీసుకోగల జంట రిమోట్) పట్టుకుని పక్కనుండగా, కావాలనే స్టాల్ చేయించి ఇది నేర్పాలి. విమానం తనంతట తానే రెక్కలు సమం చేసుకునే మోడ్ మొదటి వారాలకు మంచిదే. కానీ అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే ఈ పాఠం చేతికి రాదు.

పడటం ఖాయమని తెలియగానే థ్రాటిల్ సున్నా చేయాలి. ప్రొపెల్లర్ గడ్డిలో ఇరుక్కుని మోటార్ తిరగలేకపోతే మోటార్‌కు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్ కాలిపోవచ్చు. లైపో (దెబ్బతింటే అంటుకోగల లిథియం పాలిమర్) బ్యాటరీని వెంటనే విప్పి, కనీసం అరగంట ఆరుబయట కాంక్రీటు మీద ఉంచి గమనించండి, కారులో మాత్రం వద్దు. ఉబ్బినా, సొట్ట పడినా ఇక ఛార్జ్ చేయకూడదు.

ఇక అతకడం. విరిగిన ఫోమ్ అంచులు చెక్కకండి. అవే ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటాయి. ఈపీఓ ఫోమ్ (చాలా విమానాలకు వాడే సాగే రకం) నలిగితే మరిగే నీళ్లు పోస్తే చాలావరకు ఉబ్బి వస్తుంది (ఆ పని పెద్దలదే). మామూలు సూపర్ గ్లూ థర్మకోల్‌ను కరిగించేస్తుంది కాబట్టి ఫోమ్‌కు పనికొచ్చే రకమే కొనాలి. రెక్కకు బలం కావాలంటే వెదురు పుల్ల గుచ్చి అతికించవచ్చు. పెచ్చు లేచిన ప్రొపెల్లర్‌ను మాత్రం అతకొద్దు, మార్చేయండి.

జిగురుకూ బరువుంటుంది. గరిమనాభికి (సీజీ, విమానం బరువు సరితూగే బిందువు) 24 అంగుళాల వెనక, తోక దగ్గర 5 గ్రాములు చేరితే, 6 అంగుళాల ముందు 20 గ్రాములు పెడితేగాని సరితూగదు. అందుకే ప్రతి మరమ్మతు తర్వాత సీజీ మళ్లీ చూడాలి. ఒకే వెడల్పున్న రెక్కకైతే అది ముందంచు నుంచి వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్య ఉండాలి. 8 అంగుళాల వెడల్పు రెక్కకు 2 అంగుళాల దగ్గర మొదలుపెట్టండి. సర్వోల (పలకలను కదిపే చిన్న మోటార్ల) వైర్లు తారుమారు కాలేదని కూడా చూసుకోవాలి: వెనక నిలబడి స్టిక్ కుడికి జరిపితే కుడి ఐలెరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి.

అమెరికాలో ఉన్నవారు ఎగరేసే ముందు ఉచిత ట్రస్ట్ (TRUST, సరదాగా ఎగరేసేవారి భద్రతా పరీక్ష) పూర్తి చేయాలి. 250 గ్రాములు దాటిన విమానమైతే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏలో రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి.

మన తెలుగు సంఘాలు పిల్లలకు గణితం పోటీలు, రోబోటిక్స్ శిబిరాలు శ్రద్ధగా నడుపుతున్నాయి. వాటి పక్కన ఒక మరమ్మతు బల్ల కూడా వేయమని కోరుతున్నాను. ఫోమ్ గ్లూ, వెదురు పుల్లలు, టేపు, గ్రాముల్లో తూచే వంటింటి కాటా, ఒక నోటుపుస్తకం చాలు. విరిగిన విమానం తెచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ ముందు ఆ పుస్తకంలో మూడు వాక్యాలు రాయాలి: ఎంత ఎత్తులో ఉంది, చేతులు ఏ స్టిక్ మీద ఏం చేశాయి, విమానం దానికి ఎలా స్పందించింది. జిగురు ఆ తర్వాతే ఇవ్వండి.