కరస్పాండెంటు గారికి ఏ ఎడిటర్ ఇవ్వాలి?

"మా సైటులో వార్తలు మేమే పెట్టుకుంటాం, ప్రతిదానికీ మీకు ఫోన్ చేయం" అని కస్టమర్ మాట ఇచ్చాడంటే, సైటు కట్టినవాడి కష్టాలకు కొబ్బరికాయ కొట్టినట్టే. ఆయన చేతికి ఏ టెక్స్ట్ ఎడిటర్ (సైటులో పెట్టే రాతలు టైపు చేసి దిద్దుకునే పెట్టె) ఇవ్వాలో తేల్చడానికి ఇంతవరకు ఏ ప్రభుత్వమూ కమిషన్ వేయకపోవడం శోచనీయం. ఆ లోటు తీర్చే ప్రయత్నంలో, విచారణ నిమిత్తం ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ కరస్పాండెంటు గారిని ఊహించుకుందాం.

కుర్ర ప్రోగ్రామర్లు మొదట మార్క్‌డౌన్ అంటారు. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన పద్ధతి. మాటకు అటూ ఇటూ రెండేసి నక్షత్రం గుర్తులు పెడితే సైటులో బోల్డ్‌గా వస్తుంది. కరస్పాండెంటు గారి అభ్యంతరం న్యాయమైనదే: ఫీజు పక్కన నక్షత్రం కనబడితే తల్లిదండ్రులు 'షరతులు వర్తిస్తాయి' అనుకోరూ? మార్క్‌డౌన్ కేసు కొట్టేశాం.

2018 డిసెంబరులో, సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్, గుటెన్‌బర్గ్ అనే బ్లాకుల ఎడిటర్‌ను దించింది. పేరాకో బ్లాకు, ఫొటోకో బ్లాకు. 'మా పాతది మాకిచ్చేయండి' అంటూ 50 లక్షలకు పైగా సైట్లు పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్ (అదనపు అతుకు) వేసుకున్నాయి. ఇంతమంది మనోభావాలను మనం మాత్రం ఎందుకు గాయపరచాలి?

మిగిలినవి టైనీఎంసీఈ, సీకేఎడిటర్. చూడ్డానికి వర్డ్‌లాగే ఉంటాయి, వచ్చిన చిక్కల్లా అదే. పైన పట్టీలో ఎన్ని బటన్లుంటే ఇచ్చిన డబ్బుకు అంత న్యాయం జరిగినట్టు. కాబట్టి ర్యాంకులు తెల్లని తెర మీద పసుపు రంగులో వెలుగుతాయి. చైర్మన్ గారి పేరు కింద గౌరవార్థం గీత పడుతుంది. జనం దాన్ని లింకనుకుని నొక్కీ నొక్కీ అలసిపోతారు. శీర్షిక మధ్యకు రావాలంటే దానికో బటన్ ఉంది, అయినా స్పేస్‌బార్ కొట్టడంలో ఉన్న తృప్తి అందులో లేదు. ఆఫీసు కంప్యూటర్‌లో నడిమధ్య నిలిచిన ఆ శీర్షిక ఫోన్‌లో రెండు ముక్కలై చెరో దిక్కుకూ పోతుంది. అక్షరం పెద్దగా కనబడాలని ప్రతి వాక్యాన్నీ హెడింగ్ 1 (పేజీలో అన్నిటికన్నా ప్రధాన శీర్షిక) చేస్తారు. ఏది ముఖ్యమో గూగులే తేల్చుకోవాలి.

అసలు రహస్యం ఏమిటంటే, కరస్పాండెంటు గారు మీ ఎడిటర్‌లో ఏదీ టైపు చేయరు. గుమస్తా వర్డ్‌లో కొట్టింది తెచ్చి అందులో కుమ్మరిస్తారు. దాని వెంట వర్డ్ తగిలించే 'ఎంఎస్ఓ నార్మల్' అనే గుర్తు (క్లాసు), కాలిబ్రీ ఫాంటు, కొలతలు, మార్జిన్లు పెళ్ళివారిలా దిగుతాయి. ఈ విడిది కోసమే ఒకప్పుడు ఎడిటర్లు 'వర్డ్ నుంచి పేస్ట్' అని వేరే బటన్ పెట్టాయి. ఆ బటన్‌ను మాత్రం ఎవరూ నొక్కలేదు.

తెలుగు ప్రకటనైతే ఇంకా శోభ. డీటీపీ సెంటర్‌లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కొట్టించి తెస్తారు. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చినవి. అన్ని భాషల అక్షరాలకూ సొంత సంఖ్యలిచ్చే యూనికోడ్‌తో వాటికి చుట్టరికం లేదు. సైటులో పేస్ట్ చేయగానే 'ప్రవేశాలు ప్రారంభం' కాస్తా ఏ దేశ రాయబారో పంపిన సంకేత లేఖ అవుతుంది. "మా సిస్టంలో బాగానే ఉందండీ, మీ సైటులోనే ఏదో తేడా" అని ఫోన్ వస్తుంది. నిజమే, తేడా సైటులోనే కనబడుతోంది.

కనుక తుది సిఫారసు ఇది. అన్ని బటన్లూ ఉంచండి, రంగుల డబ్బాతో సహా. సేవ్ నొక్కగానే మాత్రం బోల్డ్, లింకు, పేరా, వరుస అంకెలు తప్ప మిగిలినవన్నీ సర్వర్‌లో రాలిపోయేలా జల్లెడ పెట్టండి. ఎడిటర్‌లో ఆయన పసుపు ఆయనకుంటుంది, సైటులో నలుపు జనానికుంటుంది. రంగు రాలేదని ఫోన్ చేస్తే "బ్రౌజర్‌లో క్యాష్ (అది దాచుకున్న పాత పేజీలు) క్లియర్ చేసి చూడండి సార్" అనండి. అది చేశాక కూడా రాలేదంటే ఏఎంసీ (సైటు వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యూవల్ సంగతి ఎత్తండి; వచ్చే ఏడాది దాకా ఆ నంబరు నుంచి ఫోన్ రాదు.