పెద్దవాళ్లకు పదివేల అడుగుల లక్ష్యం దేనికి?

అమ్మానాన్నలకు స్మార్ట్‌వాచీ కొనిచ్చి రోజుకు 10,000 అడుగులు నడిపించమన్నారు, నేను చదివిన ఒక వ్యాసంలో. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన పెడోమీటర్ (అడుగులు లెక్కపెట్టే పరికరం) ప్రచారంతో వచ్చింది, వైద్య పరిశోధనతో కాదు. 2019లో పరిశోధకురాలు ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల అమెరికా మహిళలను పరిశీలిస్తే, రోజుకు 2,700 అడుగులవారికంటే 4,400 నడిచేవారిలో మరణాలు తక్కువ. 7,500 దగ్గర ఆ మెరుగు ఆగిపోయింది. కాబట్టి మొదటి వారం లక్ష్యమే పెట్టకండి, మామూలుగా ఎంత నడుస్తున్నారో చూడండి. తర్వాత 500 కలపండి, అదీ ‘సాయంత్రం కాఫీ తాగాక వీధి చివరిదాకా’ అని ఉన్న అలవాటుకే ముడిపెట్టి.

వాకర్ పట్టుకునేవారికి మాత్రం మణికట్టు వాచీ వద్దు. చెయ్యి ఊగదు, వాచీ లెక్కలో అడుగులు బాగా తక్కువ పడతాయి, నడిచినా అంకె కదలకపోతే పాపం మానేస్తారు. చీలమండకు కట్టే పరికరం నయం.